యుద్ధకాలపు ఉద్యోగాలకు గడువు రాసిందెవరు?

సంపాదకులకు నమస్కారం.

యుద్ధాల మీద ప్రత్యేక సంచిక వెలువడిన ప్రతిసారీ ఒక మాట తప్పకుండా అచ్చవుతుంది: యుద్ధం ఆడవాళ్లను నాలుగు గోడల మధ్య నుంచి బయటకు తెచ్చింది, మగవాళ్ల పనులు వాళ్ల చేతికిచ్చింది, ఆ తర్వాత వాళ్లిక వెనక్కి చూడలేదు. పక్కన చొక్కా చేతులు మడిచిన యువతి పోస్టర్ ఒకటి ఉంటుంది. ఈ కథనంలో సగమే నిజం. మిగతా సగం వదిలేయడం వల్ల ఆ మహిళలు ఏ షరతుల మీద పనిలో చేరారో, పని ఎలా నేర్చుకున్నారో, ఏ జబ్బులు తెచ్చుకున్నారో, చివరికి ఏ కాగితం చూపించి వాళ్లను పంపేశారో పాఠకులకు తెలియడం లేదు. కార్మిక చరిత్ర, పారిశ్రామిక భద్రత బోధించేవాళ్లం కాబట్టి ఆ వివరాలు మీ పాఠకుల ముందు పెట్టాలని ఈ ఉత్తరం రాస్తున్నాం.

మొదట ‘నాలుగు గోడల’ సంగతి. 1914 జూలై నాటికే బ్రిటన్‌లో సుమారు 60 లక్షల మంది మహిళలు జీతం తీసుకునే పనుల్లో ఉన్నారు. 1918 నాటికి ఆ సంఖ్య 73 లక్షలైంది. పెరుగుదల పెద్దదే, కాదనడం లేదు. అయితే అదే నాలుగేళ్లలో ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు 16.5 లక్షల నుంచి 12.5 లక్షలకు తగ్గారు. అంటే చాలామందికి యుద్ధం పని నేర్పలేదు, పనిచోటు మార్చింది. గిన్నెలు తోమి, మేడమెట్లు తుడిచి, యజమానురాలు పిలిస్తే అర్ధరాత్రి కూడా లేచిన మనిషి కర్మాగారానికి వెళ్లింది. అక్కడ షిఫ్టు ముగింపు గంట మోగితే పని ఆగుతుంది, వారం చివర కూలి చేతికొస్తుంది. అందుకే వెనక్కి వెళ్లడానికి వాళ్లు ససేమిరా అన్నారు. ఈ సంగతి తెలియకపోతే 1919లో జరిగింది అర్థం కాదు.

ఇక పని ఎలా చేతికిచ్చారో చూద్దాం. 1915 మేలో బ్రిటిష్ సైన్యానికి ఫిరంగి గుండ్ల కొరత బయటపడింది. జూన్‌లో ఆయుధ సామగ్రి మంత్రిత్వ శాఖ ఏర్పడింది. అప్పట్లో లేత్ (లోహపు ముక్కను తిప్పుతూ కోసే యంత్రం) మీద పనిచేసే టర్నర్ కావాలంటే ఏళ్ల తరబడి శిష్యరికం చేయాలి. అన్నేళ్లు ఆగే వీల్లేదు కాబట్టి టర్నర్ పనిని ముక్కలు చేశారు. నక్షా చదవడం, పనిముట్టు సానబట్టడం, దాన్ని యంత్రంలో బిగించి కొలత సరిచేయడం సెట్టర్ అనే నిపుణుడికి వదిలారు. కోత మాత్రం కొత్తగా వచ్చిన మహిళకు ఇచ్చారు. క్యాప్‌స్టన్ లేత్‌లో నాలుగైదు పనిముట్లు ఒక తిరిగే తలకు వరుసగా బిగించి ఉంటాయి. ఆమె ముడి ముక్కను చక్‌లో, అంటే దాన్ని పట్టి తిప్పే పట్టులో బిగించాలి, చేతిచక్రం తిప్పి పనిముట్టును అడ్డుకట్టు తగిలేదాకా నడపాలి, వెనక్కి లాగాలి, తల తిప్పి రెండో పనిముట్టు తేవాలి. ముక్క పూర్తయ్యాక రెండు నోళ్లున్న గేజ్‌తో పరీక్షించాలి. ఒక నోట్లో ముక్క దూరాలి, రెండో నోట్లో దూరకూడదు. కొలబద్ద చదవాల్సిన అవసరమే లేదు. పద్ధతి చక్కనిదే, కొన్ని వారాల్లో చేయి తిరుగుతుంది.

చిక్కు వచ్చేది పనిముట్టు అరిగినప్పుడు. గేజ్ బిగుతుగా పడుతుంది, కోత గరుకుగా వస్తుంది. చేయి తిరిగిన మనిషికి యంత్రం శబ్దంలోనే తేడా తెలుస్తుంది. అయినా పనిముట్టును ముట్టుకునే హక్కు ఆమెకు లేదు. సెట్టర్ వచ్చేదాకా యంత్రం ఖాళీగా నిలబడాలి. ముక్కకు ఇంత అని కూలి కట్టే చోట ఆ ఖాళీ సమయం ఆమె నష్టమే. పైగా ఆ సెట్టరే ఆమె జీతం తగ్గించడానికి సాకు అయ్యాడు. 1915 అక్టోబర్‌లో ఎల్2 అనే సర్క్యులర్ వచ్చింది: మగవాళ్లు చేసే పనిలో పెట్టిన, 18 ఏళ్లు నిండిన మహిళకు వారానికి ఒక పౌండ్ ఇవ్వాలి, నిపుణుడి పని మొత్తం చేస్తే నిపుణుడి రేటే ఇవ్వాలి. యజమానులు ‘మొత్తం’ అన్న చోట పట్టుకున్నారు. యంత్రం సెట్ చేసేది వేరొకరు కదా, కాబట్టి ఈమె చేసేది మొత్తం పని కాదన్నారు. పనిని ముక్కలు చేసిందీ వాళ్లే, ముక్కే కదా చేస్తున్నావని కూలి కోసిందీ వాళ్లే.

రెండో ప్రపంచ యుద్ధంలో ఇదే ఎత్తు మరింత పకడ్బందీగా వచ్చింది. 1940 మేలో బ్రిటన్ ఇంజనీరింగ్ యజమానులకు, కార్మిక సంఘాలకు ఒప్పందం కుదిరింది. నిపుణుడి స్థానంలోకి వచ్చిన మహిళకు మొదటి 8 వారాలు మహిళల రేటు ఇస్తారు, తర్వాత మెట్టుమెట్టుగా పెంచుతారు. 32 వారాలు దాటాక, అదనపు పర్యవేక్షణ గానీ సాయం గానీ లేకుండా పనిచేయగలిగితే మగవాడి పూర్తి రేటు ఇస్తారు. ఈ చివరి షరతే అసలు మెలిక. ఎవరో ఒక మేస్త్రీ రోజుకోసారి వచ్చి యంత్రం చూసి వెళ్తే అది ‘అదనపు సాయం’ కింద రాసుకోవచ్చు. 32 వారాలు కాదు, మూడేళ్లు గడిచినా ఆమె శిక్షణలో ఉన్నట్టే. 1943 చివర్లో గ్లాస్గో దగ్గరి హిల్లింగ్టన్ విమాన ఇంజన్ల కర్మాగారంలో వేలాదిమంది సమ్మెకు దిగింది ఈ లెక్క మీదే. అక్కడ వాళ్లు సాధించిన పరిష్కారం ఈనాటికీ పనికొచ్చేది: మనిషిని బట్టి కాకుండా యంత్రాన్ని బట్టి, దాని మీద చేసే పనిని బట్టి గ్రేడ్ కట్టాలి. ఇంజనీరింగ్ కార్మికుల సంఘంలో మహిళలకు సభ్యత్వం దొరికింది కూడా 1943 జనవరిలోనే.

కూలి సంగతి అలా ఉంచి ఒంటి సంగతి చూద్దాం. మహిళా దినోత్సవ వ్యాసాల్లో ‘పసుపు పిట్టల’ ప్రస్తావన కనిపిస్తూ ఉంటుంది. గుండ్లలో టీఎన్‌టీ అనే పేలుడు మందు నింపే పనిలో అమ్మాయిల చర్మం పసుపుగా, ముందరి జుట్టు ఎర్రగా మారేదని, కెనరీ పిట్టల పేరుతో పిలిచేవారని రాసి ఊరుకుంటారు. అసలు ప్రమాదం ఆ రంగులో లేదు. చేతుల మీద, ముఖం మీద పడే పసుపు పైపైన పట్టే మరక. విషపు కామెర్లు వేరు. అవి తెలిసేది కంటి తెల్లగుడ్డు పసుపెక్కినప్పుడు. అప్పటికి కాలేయం దెబ్బతిని ఉంటుంది. ఇంకా ముందే కనిపించే గుర్తులు మరికొన్ని ఉన్నాయి: పెదవులు నీలంగా మారడం, నిద్రమత్తు, ఆకలి చావడం, కడుపు నొప్పి, వాంతులు. పెదవులు నీలమయ్యేది రక్తం ప్రాణవాయువును సరిగా మోయలేకపోవడం వల్ల. చర్మం పచ్చగా ఉందని అందరినీ ఒకే గాట కట్టడం వల్ల అసలైన రోగిని గుర్తించడం ఆలస్యమయ్యేది. ఈ తేడాలను పరిశీలించి 1916 ఆగస్టులో లాన్సెట్ వైద్య పత్రికలో రాసినవాళ్లు ఆ కర్మాగారాల్లో పనిచేసిన ఇద్దరు మహిళా వైద్యులు, ఆగ్నెస్ లివింగ్‌స్టన్ లియర్‌మంత్, బార్బరా మార్టిన్ కనింగ్‌హామ్. యుద్ధకాల మహిళల జాబితాల్లో వీళ్ల పేర్లు తప్పక ఉండాలి.

ఆ విషం ఒంట్లోకి ఎలా వెళ్తోందన్న విషయంలో మొదట పొరపాటు జరిగింది. టీఎన్‌టీ సుమారు 80 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. కరిగించి పోసే గదుల్లో ఆవిరి, పొడి గదుల్లో ధూళి ఉంటాయి కాబట్టి ఊపిరితోనే లోపలికి పోతోందని అనుకున్నారు. మూతికి గుడ్డలు, చేతులకు తొడుగులు ఇచ్చారు. జబ్బులు ఆగలేదు. చివరికి బెంజమిన్ మూర్ పరిశోధనల్లో తేలిందేమిటంటే, విషం ప్రధానంగా చర్మం గుండానే వెళ్తోంది. చెమట పట్టిన చర్మం మరింత తొందరగా పీలుస్తుంది. తొడుగు లోపలికి పొడి చేరితే అది చెమటలో తడిసి రోజంతా చేతికి అంటుకునే ఉంటుంది. రక్షణ కోసం ఇచ్చిన తొడుగే హాని పెంచిందన్నమాట. రోజూ పాలు కూడా పోసేవారు. నీరసించిన ఒంటికి పాలు బలమే, కానీ చర్మం గుండా పోయే విషాన్ని అవి ఆపలేవు.

పనిచేసిన ఉపాయాలు వేరు: పొడిని చేత్తో ముట్టుకోనవసరం లేకుండా యంత్రంతో నింపడం, పని దిగగానే వేడినీళ్లు, సబ్బుతో కడుక్కునే ఏర్పాటు, పనిబట్టలు ఇంటికి తీసుకెళ్లనివ్వకపోవడం, వారానికోసారి వైద్య పరీక్ష, రెండు వారాలు టీఎన్‌టీ పని చేయించి రెండు వారాలు వేరే పనికి మార్చడం. 1916లో విషపు కామెర్లతో 52 మంది చనిపోయారు. 1917లో 44, 1918లో 10. ఉత్పత్తి తగ్గించి సాధించిన ఫలితం కాదిది. వారాల వంతు, కడుగుతొట్టి సాధించిన ఫలితం. వంతు మార్పిడి విషయంలో కూడా ఒక గండి ఉండేది. టీఎన్‌టీ పనికి అదనపు కూలి ఉన్న చోట, వేరే పనికి మారితే ఆ అదనం పోతుంది. ఆ డబ్బు పోగొట్టుకోలేక ఒంట్లో బాగాలేని సంగతి దాచే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. విషంతో పని ఉన్న ఏ కర్మాగారంలోనైనా మార్పిడి కాలంలో కూలి తగ్గకూడదన్న నియమం లేకపోతే వైద్య పరీక్ష సగం వృథా.

పేలుళ్ల సంగతి కొంత తెలిసిందే. నింపే గదుల్లోకి తలపిన్నులు, లోహపు గుండీలు, అగ్గిపెట్టెలు పోకూడదు. గది వాకిట ఒక అడ్డుపలక ఉంటుంది. దాని ఇవతల సొంత చెప్పులు విప్పాలి, అవతల కాలు పెట్టేముందు లోపలి పాదరక్షలు తొడుక్కోవాలి. చెప్పు అడుగున ఇరుక్కున్న ఇసుక రేణువు రాసుకుని మంట పుట్టినా చాలు కాబట్టి ఆ నియమం. ఇన్ని చేసినా 1916 డిసెంబర్ 5 రాత్రి లీడ్స్ దగ్గరి బార్న్‌బోలో 42వ నంబర్ గదిలో పేలుడు జరిగి 35 మంది మహిళలు చనిపోయారు. అక్కడ జరిగే పని, నింపిన 4.5 అంగుళాల గుండుకు ఫ్యూజ్ (గుండును పేల్చే భాగం) పెట్టి చేత్తో తిప్పి, తర్వాత యంత్రంతో బిగించడం. మరలో నింపుడు మందు చిక్కుకున్నా, ఫ్యూజ్‌లో లోపం ఉన్నా ఆ బిగింపులోనే పేలుతుంది. సెన్సార్ కారణంగా వార్త బయటకు రానివ్వలేదు. యుద్ధరంగంలో చనిపోయిన సైనికుడి పేరు పత్రికలో వచ్చిన రోజుల్లోనే వీళ్ల పేర్లు, వీళ్లు ఎలా చనిపోయిందీ మరుగున ఉండిపోయాయి.

గాయపడితే పరిహారంలోనూ తేడా. రెండో ప్రపంచ యుద్ధం మొదట్లో బాంబుదాడిలో ఒకే చోట, ఒకే గాయం తగిలిన ఆడమనిషికి మగమనిషికన్నా తక్కువ పరిహారం కట్టే పథకం బ్రిటన్‌లో ఉండేది. మహిళా సంఘాలు, మహిళా పార్లమెంటు సభ్యులు పార్టీలకు అతీతంగా పట్టుబట్టాక 1943 ఏప్రిల్‌లో సమానం చేశారు. విమాన విధ్వంసక ఫిరంగి దళాల్లో 1941 నుంచి మహిళలు చేరారు. విమానం ఎత్తు కొలిచేది వాళ్లు, దూరదర్శినిలో విమానాన్ని పట్టుకుని ప్రెడిక్టర్ యంత్రం చక్రాలు తిప్పుతూ గురి లెక్క పంపేది వాళ్లు. గుండు పెట్టి పేల్చేది మాత్రం మగవాళ్లే కావాలి. విమానం పడటానికి అవసరమైన లెక్కంతా కట్టిన చేతిని పేల్చే మీట ముట్టుకోనివ్వలేదు, జీతం మూడింట రెండు వంతులే ఇచ్చారు. బాంబు పడితే ఇద్దరి మీదా పడేది.

విమానాల తయారీలో రివెట్లు కొట్టడం గురించి కూడా రాయాలి. పోస్టర్ మీదున్న అమ్మాయిని అందరూ చూశారు గానీ ఆ పని ఎంత నేర్పు కోరుతుందో చాలామందికి తెలియదు. అది ఇద్దరి పని. ఒకరు రేకు బయట నిలబడి గాలితో నడిచే సుత్తిని రివెట్ తల మీద పెట్టి కొడతారు. రెండోవారు లోపల, చాలాసార్లు రెక్క ఇరుకులో దూరి, ఇనుప దిమ్మను రివెట్ తోకకు ఆనించి పట్టుకుంటారు. దెబ్బకు తోక నలిగి రెండో తల అవుతుంది. రేకులు దాటి బయటకు వచ్చే తోక పొడవు రివెట్ మందానికి ఒకటిన్నర రెట్లు ఉండాలి. నలిగాక తల వెడల్పు మందానికి ఒకటిన్నర రెట్లు, ఎత్తు సగం రావాలి. దిమ్మ కాస్త ఒరిగితే తల ఒక పక్కకు జారుతుంది. ఎక్కువసేపు కొడితే రేకు ఉబ్బుతుంది. సుత్తి మూతి పక్కకు జారితే రేకు మీద నెలవంకలా కోత పడుతుంది. చెడిన రివెట్ తీయాలంటే తల మందం మేరకే డ్రిల్ చేసి, మిగిలింది మేకుతో నెట్టాలి. లోతుగా దింపితే కన్నం పెద్దదై తర్వాతి సైజు రివెట్ వేయాల్సి వస్తుంది. కొన్ని గట్టి మిశ్రలోహపు రివెట్లను వేడిచేసి, చల్లార్చి, మంచుపెట్టెలో ఉంచేవారు. బయటకు తీసిన 10 నుంచి 20 నిమిషాల్లో కొట్టేయాలి. ఆలస్యమైతే లోహం దానంతటదే గట్టిపడి, కొట్టేటప్పుడు పగులుతుంది. ఇంత లెక్క తెలిసిన పనిని జీతాల పట్టికలో ‘తేలిక పని’ అని రాసిన చోట్లున్నాయి. అమెరికాలో 1942 నవంబర్‌లో యుద్ధ కార్మిక మండలి 16వ సాధారణ ఉత్తర్వు ద్వారా, ఆడవాళ్ల జీతాలను మగవాళ్లతో సమానం చేయడానికి యజమానులు తమ అనుమతి కోసం ఆగనక్కర్లేదని చెప్పింది. అది అనుమతి మాత్రమే, ఆజ్ఞ కాదు. పని పేరు మార్చి తక్కువ గ్రేడ్‌లో పెట్టడానికి దారి తెరిచే ఉంది.

ఇంతమంది తల్లులు షిఫ్టుకు వెళ్తే పిల్లలెక్కడ? ఉత్పత్తి సాగాలంటే ఈ ప్రశ్నకు జవాబు కావాలి. అమెరికాలో లాన్‌హామ్ చట్టం నిధులతో 1943 నుంచి సుమారు 3,000 శిశు సంరక్షణ కేంద్రాలు నడిచాయి. తల్లి రోజుకు సుమారు 50 సెంట్లు చెల్లిస్తే చాలు, ఆదాయ పరీక్ష లేదు. పోర్ట్‌లాండ్‌లో కైజర్ నౌకా నిర్మాణశాలల గేటు దగ్గరే రెండు కేంద్రాలు కట్టారు. 18 నెలల నుంచి 6 ఏళ్ల దాకా పిల్లల్ని అన్ని షిఫ్టుల్లోనూ తీసుకునేవారు. పని దిగిన తల్లి బిడ్డతో పాటు వండిన భోజనం కూడా కొనుక్కుని ఇంటికి వెళ్లొచ్చు. ఈ భోజనం సంగతి చిన్నదిగా కనిపించవచ్చు. గైర్హాజరుకు అసలు కారణం చాలాసార్లు వంట, దుకాణం ముందు బారు. షిఫ్టు ముగిసేసరికి దుకాణాలు మూస్తే రేషన్ తెచ్చుకోవడానికి సెలవు పెట్టక తప్పదు. దాన్ని అధికారులు ‘ఆడవాళ్ల నిర్లక్ష్యం’గా రాసుకునేవారు. పనిగంటల విషయంలో కూడా ఇంతే. మొదటి యుద్ధంలో 12 గంటల షిఫ్టులు, ఆదివారం పని పెట్టి చూశారు. 1915లో ఏర్పడిన ఆయుధ కార్మికుల ఆరోగ్య కమిటీ కొలిచి చెప్పింది: ఫ్యూజ్ ముక్కలు తిప్పే మహిళల వారపు గంటలు తగ్గించినప్పుడు గంటకు వచ్చే ముక్కలు పెరిగాయి, వారం మొత్తం ఉత్పత్తి తగ్గలేదు. అలసిన చేయి ఎక్కువ ముక్కలు చెడగొడుతుంది కాబట్టి ఇందులో వింత లేదు.

జపాన్ లొంగిపోయిన 1945 ఆగస్టులోనే ఆ లాన్‌హామ్ నిధులు ఆపేస్తున్నట్టు ప్రకటించారు. తల్లులు గోల పెడితే 1946 ఫిబ్రవరి చివరిదాకా పొడిగించి మూసేశారు. కాలిఫోర్నియా మాత్రం రాష్ట్ర నిధులతో కొనసాగించింది. అప్పట్లో అమెరికా కార్మిక శాఖ మహిళా విభాగం యుద్ధ ఉత్పత్తి కేంద్రాల్లో పనిచేస్తున్న మహిళలను అడిగితే ప్రతి నలుగురిలో ముగ్గురు యుద్ధం తర్వాత కూడా ఉద్యోగం కావాలన్నారు. ‘యుద్ధం ముగియగానే ఆనందంగా వంటింటికి వెళ్లిపోయారు’ అని రాసేవాళ్లు ఈ ఒక్క లెక్క చూస్తే చాలు.

బ్రిటన్‌లో పంపేయడం మరింత ముందే రాసిపెట్టి జరిగింది. 1915 మార్చిలో ప్రభుత్వం, కార్మిక సంఘాలు కుదుర్చుకున్న ఒప్పందంలోనే నిపుణుల పనిలోకి కొత్తవాళ్లను రానిచ్చే సడలింపు యుద్ధం జరిగినంత కాలమే, ఆ తర్వాత పాత పద్ధతులు తిరిగి వస్తాయని ఉంది. 1919లో దాన్ని చట్టం చేశారు. పని పోయిన మహిళ నిరుద్యోగ భృతి కోసం వెళ్తే ఉపాధి కార్యాలయం ఇంటిపని చూపించేది. వద్దంటే భృతి కట్. అక్కడి నుంచే తప్పించుకుని వచ్చిన మనిషిని మళ్లీ అక్కడికే పంపడమిది. 1918 ఫిబ్రవరిలో ఓటు హక్కు వచ్చింది కదా అంటారు. వచ్చింది, 30 ఏళ్లు నిండి, ఆస్తి అర్హత ఉన్నవాళ్లకు. సుమారు 84 లక్షల మంది ఓటర్లయ్యారు. గుండ్లు నింపిన అమ్మాయిల్లో ఎక్కువమంది ఆ వయసు లోపువాళ్లే. వాళ్లు 1928 దాకా ఆగారు. 1944 మార్చి 28న బ్రిటిష్ పార్లమెంటు ఉపాధ్యాయులకు సమాన వేతనం సవరణను 117-116 ఓట్లతో ఆమోదించింది. చర్చిల్ దాన్ని విశ్వాస పరీక్షగా మార్చి రెండు రోజుల్లో రద్దు చేయించారు. ఆ ఒక్క ఓటు తేడా గురించి మన సంచికల్లో ఎక్కడా కనిపించదు.

మన దేశపు ఉదాహరణ కూడా ఉంది, దాదాపు ఎవరూ రాయరు. బొగ్గుగనుల్లో మగవాడు పలుగుతో బొగ్గు తవ్వితే, అతని ఇంటి ఆడమనిషి తట్టలతో ఎత్తి టబ్బులో, అంటే బొగ్గు తోలే చిన్న బండిలో నింపేది. కూలి టబ్బు లెక్కన. 1929 నిబంధనలతో మహిళల భూగర్భ పనిని దశలవారీగా తగ్గిస్తూ 1937లో పూర్తిగా నిషేధించారు. యుద్ధం వచ్చాక మగ కార్మికులు ఎక్కువ కూలి ఇచ్చే సైనిక నిర్మాణ పనులకు తరలిపోయారు, బొగ్గు తగ్గింది. గని కూలి పెంచి వాళ్లను వెనక్కి రప్పించడం ఒక దారి. 1943 ఆగస్టు నుంచి నిషేధం తాత్కాలికంగా ఎత్తేసి మహిళలను మళ్లీ కిందికి దింపడం ప్రభుత్వం ఎంచుకున్న దారి. అఖిల భారత మహిళా సమావేశం దీన్ని గట్టిగా వ్యతిరేకించింది. 1944 ఫిబ్రవరిలో కేంద్ర శాసనసభలో ఈ చర్చకు జవాబు చెప్పింది అప్పటి వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ చూసిన అంబేడ్కర్. అదే పనికి మగవాళ్లతో సమానమైన కూలి అన్న షరతును ఆయన ఎత్తి చూపారు. ఆ షరతు విలువైనదే. కానీ కూలి సమానమైనంత మాత్రాన గాలి, వెలుతురు, బిడ్డను ఉంచే చోటు వచ్చేయవు. 1946 ఫిబ్రవరి 1న నిషేధం మళ్లీ వచ్చింది. సమాన కూలి షరతు నిషేధంతోనే పోయింది.

ఇప్పటికీ ఈ పద్ధతి మారలేదు. యుక్రెయిన్‌లో 2022 మార్చిలో వచ్చిన సైనిక పాలన కాలపు కార్మిక చట్టం, గర్భిణులు, ఏడాది లోపు బిడ్డ ఉన్న తల్లులు మినహా మిగతా మహిళలను వారి సమ్మతితో బరువైన, ప్రమాదకరమైన, భూగర్భ పనుల్లో పెట్టవచ్చని చెప్పింది. అందులో మొదటి షరతు: సైనిక పాలన అమల్లో ఉన్నంత కాలం. 1915లో లండన్‌లో, 1943లో మన గనుల దగ్గర రాసిన షరతే ఇది. దానికి భిన్నంగా, శాంతికాలంలో సాధారణ నిబంధనగా వచ్చిన మార్పుకు నిలబడే కాళ్లుంటాయి. మన దేశంలో 2019లో మహిళలను సాంకేతిక, పర్యవేక్షక, నిర్వహణ పనుల కోసం ఉదయం 6 నుంచి రాత్రి 7 దాకా గని లోపలికి అనుమతించారు. రాతపూర్వక సమ్మతి ఉండాలని, షిఫ్టులో ముగ్గురికి తక్కువ కాకూడదని అప్పుడు షరతు పెట్టారు. పరిమితులు చాలానే ఉన్నా అందులో యుద్ధం ముగిస్తే రద్దయ్యే గడువు లేదు. రువాండాలో 1994 మారణకాండ తర్వాత కుటుంబాలు నడిపిన మహిళలకు 1999 చట్టం వారసత్వ హక్కు ఇచ్చింది, 2003 రాజ్యాంగం నిర్ణయాధికార పదవుల్లో 30 శాతం స్థానాలు రాసింది. 2008లో అక్కడి పార్లమెంటు దిగువ సభలో మహిళలు సగం దాటారు. గడువు లేని కాగితం మీద రాశారు కాబట్టి నిలిచింది.

అందుకే మా విన్నపం. యుద్ధం జరుగుతున్న చోటి మహిళల గురించి మీ పత్రికలో కథనం వేసేటప్పుడు, ఆమె ట్రాక్టర్ నడుపుతోందనో, మందుపాతరలు తీస్తోందనో, గని దిగుతోందనో చెప్పి ఫొటో వేసి ఆపవద్దు. ఆమె నియామక పత్రంలో గడువు ఎంతవరకని ఉందో, ఏ గ్రేడ్‌లో చూపించారో, అదే యంత్రం మీద అంతకుముందు పనిచేసిన మగవాడికి ఎంత ఇచ్చారో, గాయమైతే పరిహారం ఎవరు ఎంత కడతారో, రాత్రి షిఫ్టులో బిడ్డ ఎక్కడ పడుకుంటోందో మీ విలేకరి అడిగి రాయాలి. విదేశీ వార్తాసంస్థల నుంచి తీసుకునే కథనాల్లో ఈ వివరాలు లేకపోతే, ఆ దేశపు కార్మిక చట్టం చూసి రెండు వాక్యాలు డెస్క్‌లోనే చేర్చవచ్చు.

భవదీయులు,
కార్మిక చరిత్ర, పారిశ్రామిక భద్రత అధ్యాపకులు